అండమాన్‌లో రొమ్ము క్యాన్సర్: మందుకు ముందు ప్రోటీన్ పరీక్ష

2024 జులై 23న పార్లమెంటుకు సమర్పించిన బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మూడు క్యాన్సర్ మందులను కస్టమ్స్ సుంకం నుంచి పూర్తిగా మినహాయించారు. వాటిలో రొమ్ము క్యాన్సర్‌కు ప్రధానంగా ఉపయోగపడేది ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్. అదే ఏడాది సెప్టెంబరు 9న సమావేశమైన జిఎస్‌టి మండలి ఈ మందులపై పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. అత్యంత ఖరీదైన చికిత్సను కొందరికైనా చేరువ చేసే ఈ చర్యలు హర్షించదగినవే.

అయితే ఈ మందు రొమ్ము క్యాన్సర్ సోకిన ప్రతి స్త్రీకీ పనికివచ్చేది కాదు. కణితిలోని కణాలపై హెర్-2 అనే ప్రోటీన్ ఉన్నవారికే వైద్యులు దీనిని సిఫారసు చేస్తారు. ఆ ప్రోటీన్ ఉన్నదా, ఉంటే ఏ మోతాదులో ఉన్నదన్న విషయాన్ని రోగి శరీరం నుంచి తీసిన చిన్న ముక్కకు జరిపే పరీక్ష నిర్ణయిస్తుంది. ఆ పరీక్ష జరగకపోయినా, జరిగిన పరీక్ష తప్పినా పన్ను రాయితీ వల్ల రోగికి ఒరిగేదేమీ ఉండదు. ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అండమాన్ నికోబార్ ద్వీపాల విషయంలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అక్కడి రోగికి సముద్రం ఎంత అవరోధమో, కణితి ముక్కను సకాలంలో ఫార్మలిన్ ద్రావణంలో ఉంచకపోవడం కూడా అంతే అవరోధం కాగలదు.

ఒకే పేరు, అనేక వ్యాధులు

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకింది. అదే ఏడాది సుమారు 98 వేల మంది ఈ వ్యాధికి బలయ్యారు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వెలువరించిన జాతీయ క్యాన్సర్ నమోదు నివేదికలో, వయోభేదాలను సవరించి లెక్కించిన రేటు ప్రకారం హైదరాబాద్ జిల్లా దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ లక్ష మంది స్త్రీలకు 48 మంది చొప్పున ఈ వ్యాధి నమోదయింది. ఇది ఎక్కడో దూరదేశాల వ్యాధి కాదనడానికి తెలుగువారికి వేరే నిదర్శనం అవసరం లేదు.

రొమ్ము క్యాన్సర్ అని ఒకే పేరుతో పిలుస్తున్నప్పటికీ ఇది నిజానికి కొన్ని వేర్వేరు వ్యాధుల సముదాయం. ఈ భేదం స్పష్టంగా తెలియని కాలంలో రోగులందరికీ దాదాపు ఒకే విధమైన మందులు ఇచ్చేవారు. ఇటలీ వైద్యుడు బొనడోన్నా 1976లో ఫలితాలు ప్రకటించిన మూడు మందుల చికిత్స అటువంటిదే. ఆ మూడింటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో జరిగిన కృషి ఫలితం. ఆ మందులు ఎందరినో కాపాడాయి. కానీ ఒకే మందుతో ఒక రోగి కోలుకోగా, మరొకరికి ఏడాది తిరగకుండానే వ్యాధి ఎందుకు తిరగబెడుతున్నదో ఆనాటి వైద్యులకు అంతుపట్టలేదు.

కణాలలోని ప్రోటీన్లను గుర్తించడం సాధ్యమయ్యాక ఆ చిక్కుముడి వీడింది. ఈనాడు ఏ రొమ్ము కణితినైనా ముందుగా మూడు ప్రోటీన్ల కోసం పరీక్షిస్తారు. ఈస్ట్రోజెన్‌ను స్వీకరించే గ్రాహకం మొదటిది, ప్రొజెస్టిరాన్‌ను స్వీకరించే గ్రాహకం రెండవది, హెర్-2 మూడవది. మొదటి రెండూ ఉన్న కణితులు సాధారణంగా నెమ్మదిగా పెరుగుతాయి. హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ వంటి చవకైన మాత్రలకు లొంగుతాయి. హెర్-2 అధికంగా ఉన్నవి వేగంగా పెరిగే రకం. మూడూ లేనివాటిని ట్రిపుల్ నెగటివ్ అంటున్నారు. ఉద్ధృతమైన రకాలుగా వైద్యులు పరిగణించేవి ప్రధానంగా ఈ చివరి రెండే.

వీటికి తోడు కి-67 అనే నాలుగవ ప్రోటీన్‌ను కూడా చూస్తారు. విభజన దశలో ఉన్న కణాలలోనే కనిపించే ఈ ప్రోటీన్, కణితి ఎంత వేగంగా పెరుగుతున్నదో సూచిస్తుంది. దీనిని 1983లో జర్మనీలోని కీల్ నగరంలో గుర్తించారు. ఆ ఊరి పేరులోని తొలి అక్షరం, పరీక్షా ఫలకంలో ఆ నమూనా సంఖ్య 67 కలిసి దానికి ఆ పేరు వచ్చింది.

శత్రువే గురిగా మారిన వైనం

హెర్-2 చరిత్ర ఈ మొత్తం వ్యవహారంలోని తర్కాన్ని సులువుగా బోధపరుస్తుంది. ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు 17వ క్రోమోజోముపై ఉంటుంది. అమెరికాకు చెందిన డెన్నిస్ స్లామన్, ఆయన సహచరులు 189 రొమ్ము కణితులను పరిశీలించి 1987లో ఒక పత్రం ప్రచురించారు. సుమారు 30 శాతం కణితులలో ఈ జన్యువు రెండు నుంచి ఇరవై రెట్లకు పైగా పెరిగి ఉందనీ, అటువంటి రోగులలో వ్యాధి త్వరగా తిరగబెడుతున్నదనీ వారు వెల్లడించారు. తర్వాతి అధ్యయనాలు ఈ వాటాను 15 నుంచి 20 శాతంగా సవరించాయి. మూల సూత్రం మాత్రం నిలిచింది.

కణం వెలుపలి గోడపై గుంపులుగా నిలిచే ప్రోటీన్‌నే గురిగా చేసుకుని రూపొందించిన ప్రతిరక్షకం ట్రాస్టుజుమాబ్. 1998లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనిని ఆమోదించింది. శస్త్రచికిత్స అనంతరం కీమోథెరపీతో కలిపి ఈ మందు ఇస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం సుమారు సగానికీ, మరణాలు మూడో వంతు మేరకూ తగ్గుతున్నాయని 2005లో ప్రకటించిన రెండు అమెరికా పరీక్షల ఉమ్మడి ఫలితాలు తేల్చాయి. ఒకనాడు అత్యంత ప్రమాదకరమైనదిగా పేరుపడిన రకం, సరైన మందు అందితే ఎక్కువ ఆశ పెట్టుకోదగిన రకంగా మారిపోయింది.

ధర విషయంలోనూ మార్పు వచ్చింది. బెంగళూరుకు చెందిన బయోకాన్ సంస్థ ఈ మందుకు సమానమైన దేశీయ ఔషధాన్ని 2014లో విపణిలోకి తెచ్చింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2018లో తన ఔషధాన్ని విడుదల చేసింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రాస్టుజుమాబ్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మన జాతీయ జాబితాలోనూ దానికి చోటు లభించింది.

ఇటీవలి పరిశోధనలు హెర్-2 పరీక్ష ప్రాముఖ్యాన్ని మరింత పెంచాయి. ఈ ప్రోటీన్ స్థాయిని 0, 1+, 2+, 3+ అని నాలుగు అంచెలుగా లెక్కిస్తారు. లోగడ 3+ వచ్చినవారికే మందు ఇచ్చేవారు. 2+ వస్తే జన్యు పరీక్షతో సందేహం తీర్చుకునేవారు. మిగిలినవారిని నెగటివ్‌గా పరిగణించేవారు. హెర్-2 స్వల్పంగా ఉండి, వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించిన 557 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2022లో ఈ లెక్కను మార్చివేసింది. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ పొందినవారి మధ్యస్థ జీవితకాలం 23.4 నెలలు కాగా, సాధారణ కీమోథెరపీ పొందినవారిది 16.8 నెలలు. అంటే 0కీ 1+కీ మధ్య తేడా మునుపు కాగితంపై ఒక అంకె మాత్రమే. ఇప్పుడది నెలల ఆయుష్షు. అంత సూక్ష్మమైన తేడాను పసిగట్టాలంటే పరీక్షకు వచ్చే కణజాలం చెక్కుచెదరకుండా ఉండాలి.

ట్రిపుల్ నెగటివ్ సవాలు

మూడు ప్రోటీన్లూ లేని రకం వైద్యులకు నేటికీ కఠినమైన సవాలే. గురిపెట్టడానికి తెలిసిన లక్ష్యం లేనందున దీర్ఘకాలం కీమోథెరపీయే దిక్కయింది. వ్యాధి దూర అవయవాలలో తిరగబెట్టే ప్రమాదం మొదటి మూడేళ్లలో తీవ్రంగా ఉండి, ఆ తరువాత వేగంగా తగ్గుతుంది. కనుక తొలి చికిత్సలో జరిగే జాప్యం ఇందులో ఎక్కువ నష్టం కలిగిస్తుంది. పాశ్చాత్య దేశాల రోగులలో ఈ రకం వాటా 10 నుంచి 15 శాతం ఉండగా, మన దేశంలో జరిగిన అధ్యయనాలు దానిని పాతిక నుంచి ముప్ఫై శాతం వరకు చూపుతున్నాయి. భారతీయ స్త్రీలకు పాశ్చాత్యుల కంటే సుమారు పదేళ్లు ముందుగానే రొమ్ము క్యాన్సర్ వస్తున్నదన్న వాస్తవాన్ని దీనితో కలిపి చూడాలి. పిల్లలు చదువుకుంటున్న వయసులో తల్లి మంచం పట్టడమంటే ఆ కుటుంబం మొత్తం తలకిందులు కావడమే.

ఈ రకంలోనూ ప్రోటీన్లే కొత్త దారులు చూపుతున్నాయి. వ్యాధి వ్యాపించిన దశలో, రోగనిరోధక వ్యవస్థను నిద్రపుచ్చే పిడి-ఎల్1 ప్రోటీన్ తగినంతగా ఉన్నవారికి పెంబ్రోలిజుమాబ్ అనే మందు మేలు చేస్తున్నది. కణం పైపొరపై ఉండే ట్రాప్-2 ప్రోటీన్‌ను గురిచేసే మరో ఔషధం, వ్యాధి ముదిరిన రోగుల మధ్యస్థ జీవితకాలాన్ని 6.7 నెలల నుంచి 12.1 నెలలకు పెంచినట్లు 2021లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఇవన్నీ సామాన్యులకు అందనంత ఖరీదైనవి.

అయితే ఖరీదు లేని ఆశాకిరణం మన దేశం నుంచే వచ్చింది. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 720 మంది ట్రిపుల్ నెగటివ్ రోగులపై జరిపిన అధ్యయన ఫలితాలను 2022 డిసెంబరులో అమెరికాలోని శాన్ ఆంటోనియో సదస్సులో ప్రకటించారు. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే కీమోథెరపీకి, ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న చవకైన కార్బోప్లాటిన్‌ను జతచేయడం ఇందులోని ప్రయోగం. 50 ఏళ్లు, అంతకు తక్కువ వయసు గల స్త్రీలలో ఐదేళ్ల తరువాత జీవించి ఉన్నవారి శాతం 65.9 నుంచి 77.1కి పెరిగింది. కార్బోప్లాటిన్ కోసం విదేశీ కంపెనీలను ఆశ్రయించనక్కరలేదు. కానీ ఆ రోగి ట్రిపుల్ నెగటివ్ అని శస్త్రచికిత్సకు ముందే తెలియాలి. ముందు కణితిని తొలగించి, ఆ తరువాత ప్రోటీన్ల సంగతి చూద్దామనుకుంటే ఈ అవకాశం చేజారిపోతుంది.

ఫార్మలిన్‌తో మొదలయ్యే లెక్క

ప్రోటీన్ పరీక్ష సాధారణ రక్తపరీక్ష వంటిది కాదు. కణితి నుంచి సూదితో తీసిన ముక్కను ఫార్మలిన్ ద్రావణంలో నిల్వచేసి, మైనపు దిమ్మలో పొదిగి, సన్నని పొరలుగా కోసి గాజు పలకలపై అమరుస్తారు. నిర్ణీత ప్రోటీన్‌కు మాత్రమే అంటుకునే ప్రతిరక్షకాన్ని దానిపై వేస్తారు. ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. ఆ రంగును సూక్ష్మదర్శినిలో చూసి పాథాలజిస్టు తీర్పు చెబుతాడు.

శరీరం నుంచి వేరుచేసిన క్షణం నుంచే కణజాలంలోని ప్రోటీన్లు చెడిపోవడం మొదలవుతుంది. అందుచేత ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలని, కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు మాత్రమే అందులో ఉంచాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల, పాథాలజిస్టుల సంఘాలు సంయుక్తంగా రూపొందించిన మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. శస్త్రచికిత్సలో తొలగించిన రొమ్మును కోయకుండా అలాగే డబ్బాలో వేసినా ప్రయోజనం లేదు. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు లోతుకు మాత్రమే ఇంకుతుంది. పైభాగం భద్రంగా ఉన్నా లోపలి కణితి కుళ్లిపోతుంది.

ఈ నియమాలు తప్పితే జరిగేది చిన్న పొరపాటు కాదు. ఉన్న హార్మోన్ గ్రాహకం పరీక్షలో కనిపించకుండా పోతుంది. మాత్రలతో అదుపులో ఉండవలసిన రోగిపై ట్రిపుల్ నెగటివ్ అన్న ముద్ర పడుతుంది. ఆమెకు ప్రాణాధారమైన చవక మందు అందదు. అవసరానికి మించిన కీమోథెరపీ మీద పడుతుంది. మన దేశంలో ట్రిపుల్ నెగటివ్ వాటా అంత ఎక్కువగా కనిపించడానికి ఇటువంటి పరీక్షా లోపాలు కొంతవరకు కారణం కావచ్చునని పరిశోధకులలో కొందరు అభిప్రాయపడుతున్నారు.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదని కెనడాకు చెందిన ఒక ద్వీప ప్రాంతం అనుభవం రుజువు చేసింది. న్యూఫౌండ్‌లాండ్ రాష్ట్రంలో 1997 నుంచి 2005 వరకు జరిగిన హార్మోన్ గ్రాహక పరీక్షలలో తప్పులు దొర్లినట్లు బయటపడింది. నమూనాలను టొరంటోకు పంపి తిరిగి పరీక్షించగా దాదాపు 400 మంది రోగుల ఫలితాలు తారుమారైనట్లు తేలింది. ప్రజలలో పెల్లుబికిన ఆగ్రహం మీదట న్యాయమూర్తి మార్గరెట్ కామెరాన్ నాయకత్వంలో నియమించిన విచారణ సంఘం 2009లో నివేదిక సమర్పించింది. ప్రయోగశాలలో నాణ్యతా నియంత్రణ కొరవడిందని ఆ నివేదిక ఎత్తిచూపింది. అంతటి సంపన్న దేశంలో, మందులకు కొరత లేని చోట, పరీక్ష దగ్గరే చికిత్స దారి తప్పింది.

ద్వీపాల పరిస్థితి

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. ఎనిమిది వందలకు పైగా ఉన్న దీవులలో జనావాసం ఉన్నవి ముప్ఫైకి పైగా మాత్రమే. ఆ లెక్కల ప్రకారమే జనాభాలో 13 శాతానికి పైగా, అంటే దాదాపు 50 వేల మంది, తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార, కార్మిక కుటుంబాలు వీరిలో అధికం. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవులు మూడూ ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఓడలో వెళితే రెండున్నర నుంచి మూడు రోజుల ప్రయాణం. విమానంలో రెండు గంటలే అయినా టిక్కెట్టు ధర కూలీ కుటుంబాలు భరించగలిగేది కాదు.

ద్వీపాల లోపలి దూరాలూ తక్కువవేమీ కావు. ఉత్తరాన దిగ్లీపూర్ నుంచి రాజధానికి రోడ్డు మార్గాన సుమారు 300 కిలోమీటర్లు. దక్షిణ కొసన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే సముద్రం మీదుగా 500 కిలోమీటర్లకు పైమాటే. రాజధానిలో జి.బి. పంత్ ఆసుపత్రి, మాయాబందర్‌లో ఆర్.పి. ఆసుపత్రి, కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి ప్రజలకు ప్రధాన ఆధారం. 2015లో ప్రారంభమైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థ ఏటా వైద్య విద్యార్థులను చేర్చుకుంటున్నది. భారత వైద్య పరిశోధన మండలి 1983లో నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రానికి అంటువ్యాధుల పరిశోధనలో పేరుంది. క్యాన్సర్ వంటి వ్యాధులకు రోగులను చెన్నై, వేలూరు, కోల్‌కతా ఆసుపత్రులకు పంపడం దీర్ఘకాలంగా ఆనవాయితీ.

ఇక్కడే పై నియమాలను ఈ దూరాలకు అన్వయించి చూడాలి. బయటి దీవిలో సాయంత్రం తీసిన ముక్క మర్నాటి పడవ కోసం మామూలు సీసాలో వేచి ఉంటే గంట నియమం అక్కడే భంగమవుతుంది. ఫార్మలిన్‌లోనే వేసినా, వాతావరణం బాగాలేక రాకపోకలు నాలుగు రోజులు నిలిచిపోతే 72 గంటల పరిమితి దాటిపోతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇది అక్కడివారికి కొత్త సంగతి కాదు. చివరకు ఆ నమూనా ఎంత పేరున్న ప్రయోగశాలకు చేరినా, చెడిన ప్రోటీన్‌ను అక్కడి నిపుణులు తిరిగి సృష్టించలేరు.

దీనికి పరిష్కారం లేకపోలేదు. ఫార్మలిన్‌లో నిర్ణీత గంటలు ఉంచి మైనపు దిమ్మగా మార్చిన కణజాలం ఏళ్ల తరబడి చెడిపోదు. టపాలోనైనా, విమానంలోనైనా ఎంత దూరమైనా పంపవచ్చు. అంటే ద్వీపాలలో తప్పనిసరిగా ఉండవలసినది ఖరీదైన యంత్రాల కంటే ముందు, ఫార్మలిన్ సీసా, ముక్క తీసిన సమయాన్ని, ద్రావణంలో వేసిన సమయాన్ని నమోదు చేసే కాగితం, సకాలంలో మైనపు దిమ్మ తయారుచేసే శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది. ప్రోటీన్ పరీక్ష ఆ తరువాత చెన్నైలో జరిగినా, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో జరిగినా ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. రోగికి బదులు ఆమె కణజాలం ప్రయాణం చేస్తుంది. చికిత్స ఏదో తేలిన తరువాతనే ఆమె ఓడ ఎక్కితే ఒక ప్రయాణం ఖర్చు, కొన్ని వారాల కాలం కలిసివస్తాయి.

కేబుల్ వచ్చింది, వాడుకోవాలి

ఈ దిశలో ఒక మౌలిక సదుపాయం ఇప్పటికే సిద్ధంగా ఉంది. చెన్నై నుంచి ద్వీపాలకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన సముద్రగర్భ కేబుల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అది రాజధానితో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతున్నది. అంతకు చాలా ముందే ఇస్రో ఉపగ్రహ సహాయంతో జి.బి. పంత్ ఆసుపత్రిని చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలతో అనుసంధానించి దూరవైద్యానికి శ్రీకారం చుట్టారు. రంగు వేసిన గాజు పలకను యంత్రంతో చిత్రీకరించి, ఆ చిత్రాన్ని వెయ్యి కిలోమీటర్ల అవతలి నిపుణుడికి పంపడం నేడు సాధ్యమే. ఒక్కో చిత్రం పరిమాణం చాలా ఎక్కువ కనుక ఉపగ్రహ మార్గంలో అది ప్రయాసతో కూడిన పని; కేబుల్ మార్గంలో కొద్ది నిమిషాల పని.

2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ దేశంలోని వందలాది ఆసుపత్రులను ఒక తాటిపైకి తెచ్చింది. ఆ గ్రిడ్ ద్వారా సామూహికంగా మందులు కొనుగోలు చేసినప్పుడు ధరలు భారీగా తగ్గాయి. ప్రోటీన్ పరీక్షలకు కావలసిన ప్రతిరక్షకాలను, రెండో నిపుణుడి అభిప్రాయాన్ని కూడా ఇదే పద్ధతిలో సమకూర్చుకోవడానికి అవరోధం ఉండనక్కరలేదు.

ఏది చవక?

వ్యయం కోణంలో చూసినా పరీక్షకే మొగ్గు. ట్రాస్టుజుమాబ్‌ను మూడు వారాలకు ఒకసారి చొప్పున ఏడాది పాటు ఇవ్వడం ఆనవాయితీ. ఆరు నెలలు ఇచ్చినా ఫలితం దాదాపు సమానమేనని బ్రిటన్‌లో 4 వేల మందికి పైగా రోగులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. నాలుగేళ్ల తరువాత వ్యాధి లేకుండా ఉన్నవారు ఏడాది వర్గంలో 89.8 శాతం, ఆరు నెలల వర్గంలో 89.4 శాతం. వైద్యుడు సమ్మతించిన చోట సూదిమందుల సంఖ్య సగమైతే మందు ఖర్చుతో పాటు ద్వీపవాసి ప్రయాణాలూ సగమవుతాయి. అయితే ఈ మందు గుండెపై ప్రభావం చూపే అవకాశం ఉన్నందున మధ్య మధ్యలో గుండె పరీక్షలు తప్పవు. ఇన్ని అంచెల వ్యయానికి పునాది హెర్-2 నివేదిక. అది తప్పయితే లక్షల రూపాయలు వృథా. లేదా లక్షలు ఖర్చు చేస్తే దక్కవలసిన ప్రాణం వృథా.

2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం అర్హులైన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు హామీ ఇస్తున్నది. జిల్లా ఆసుపత్రులన్నింటిలో మూడేళ్లలో పగటిపూట క్యాన్సర్ చికిత్సా కేంద్రాలు నెలకొల్పుతామని, 2025-26లోనే 200 కేంద్రాలు ఏర్పాటు చేస్తామని 2025 ఫిబ్రవరి 1నాటి బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. దక్షిణ అండమాన్, ఉత్తర-మధ్య అండమాన్, నికోబార్ జిల్లాలు మూడింటికీ ఈ వాగ్దానం వర్తించాలి. మూడు వారాలకోసారి సూదిమందు కోసం సముద్రం దాటవలసిన అగత్యం అప్పుడు తప్పుతుంది. కానీ ఆ కేంద్రంలోని వైద్యుడు ఏ మందు ఎక్కించాలో నిర్ణయించేది కూడా ఆ ప్రోటీన్ నివేదికే. ఒకదానిని వదిలి మరొకదానిపై ఖర్చు చేయడం పునాది లేని మేడ కట్టడం వంటిది.

మొదటి అడుగు స్త్రీ దగ్గర

ఎంత మంచి పరీక్ష అయినా గడ్డను గుర్తించి ఆసుపత్రికి వచ్చిన స్త్రీకే ఉపయోగపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల వయసు స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 0.9 శాతం మాత్రమే. వందకు ఒక్కరు కూడా లేరు. మామోగ్రఫీ యంత్రం ప్రతి దీవిలో పెట్టడం సాధ్యం కాకపోవచ్చు. అయితే ముంబయిలో లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లపాటు పరిశీలించి 2021లో ప్రచురించిన టాటా అధ్యయనం మరో మార్గం చూపింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో జరిపే పరీక్ష వల్ల 50 ఏళ్లు, ఆపై వయసు స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో అటువంటి మేలు కనిపించలేదు. ఉద్ధృతమైన రకాలు చిన్న వయసులోనే ఎక్కువగా దాడి చేస్తున్నందున, గడ్డ కనిపించిన వెంటనే ఆసుపత్రికి రావాలన్న ప్రచారం యువతుల విషయంలో మరింత అవసరం.

ద్వీపాలలో మాట్లాడే భాషలు అనేకం. బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ, మలయాళం మాట్లాడే స్త్రీలకు వారి వారి భాషలలోనే ఈ విషయం చేరాలి. రోగ నిర్ధారణ పత్రంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్-2 ఫలితాలు మూడూ ఉన్నాయో లేదో, చికిత్సకు ముందే ఆ పరీక్ష జరిగిందో లేదో వైద్యుడిని అడిగి తెలుసుకునే హక్కు ప్రతి రోగికీ ఉంది. ఆ ప్రశ్న అడగడానికి చదువు అక్కరలేదు.

ఔషధాల ధరలపై జరుగుతున్న చర్చ అవసరమైనదే. సుంకాల తగ్గింపు, దేశీయ ఔషధాల పోటీ, సామూహిక కొనుగోళ్లు మరింత విస్తరించవలసిందే. అయితే ద్వీపాలలో వీటి ఫలితాన్ని కొలవడానికి వాడుతున్న మందుల పెట్టెల లెక్క చాలదు. ఎంతమంది రోగులకు చికిత్స ప్రారంభానికి ముందే మూడు ప్రోటీన్ల నివేదిక చేతికందింది, ఎన్ని నమూనాలు నిర్ణీత గంటలలో ఫార్మలిన్‌కు చేరాయి అన్నవి అసలైన కొలమానాలు. ఈ రెండు అంకెలను ద్వీపాల ఆరోగ్య శాఖ ఏటా ప్రకటిస్తే, లోపం ఏ దీవిలో ఉన్నదో, ఏ అంచెలో ఉన్నదో తెలిసిపోతుంది. దిద్దుబాటుకు అయ్యే ఖర్చు సూదిమందుల ఖర్చుతో పోల్చదగినంత పెద్దది కాదు. ఆలస్యానికి అయ్యే ఖర్చును మాత్రం రోగులే భరించవలసి వస్తుంది.